మొదటి చినుకు

వాన మొదలవగానే అందరూ మట్టివాసన గురించి చెబుతారు. లారీ మీద బతికినవాళ్లకు ఆ వాసన వేరేగా తగులుతుంది. ఎండకు కాగిన తారు, దాని మీద నెలల తరబడి పేరుకున్న దుమ్ము, బళ్ల కింద కారిన డీజిలు, ఇంజనాయిలు, అరిగిన టైర్ల రబ్బరు పొడి, అన్నీ ఒక్కసారి తడిసినప్పుడు లేచే వాసన అది. కిటికీలోంచి ఆ వాసన వచ్చిందంటే పక్కవాడితో మాట్లాడుతున్న మాట మధ్యలోనే ఆపేసేవాణ్ణి. స్టీరింగు వదిలి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఆ వాసనకు నా మాట ఆగిపోతుంది.

కొత్తగా బండెక్కినవాళ్లు జోరువానకు భయపడతారు. జోరువాన మంచిదే. గంటసేపు దంచి కొట్టిందంటే రోడ్డు కడుక్కుపోతుంది, టైరుకు మళ్లీ కొంచెం పట్టు దొరుకుతుంది. భయపడాల్సింది దానికి ముందు, సన్నగా తుంపర పడే మొదటి పది పదిహేను నిమిషాలకు. రోడ్డు మీదున్న జిడ్డును కడిగేంత నీళ్లు అప్పటికి ఉండవు, తేల్చేంత మాత్రం ఉంటాయి. నాకు ఇది పుస్తకంలో చదివితే తెలియలేదు. నాకు బండి నేర్పినాయన వేలికొనల మీద చూశాను.

ఆయన దగ్గర మూడేళ్లు క్లీనరుగా చేశాను. గురువుగారూ అని పిలిచేవాణ్ణి. ఆయనకు నేను ఎప్పుడూ "ఒరే అబ్బాయ్". పొట్టి మనిషి, సీటు వెనకాల దుప్పటి మడిచి పెట్టుకుని కూర్చునేవాడు. గట్టిగా అరవడం నేను వినలేదు. వాన మబ్బు పట్టిందంటే మాత్రం ఎంత తొందర లోడైనా సరే బండి పక్కకు తీసి ఆపేవాడు. దిగి ఓసారి బండి చుట్టూ తిరిగేవాడు. ఆ తిరగడమే నా మొదటి చదువు.

మొదట టైర్లు. చిన్న ఇనుపకడ్డీతో ఒక్కో టైరునూ తట్టేవాడు. గాలి నిండుగా ఉన్న టైరు కడ్డీని ఎగరగొట్టి ఖంగుమంటుంది, గాలి తగ్గింది మెత్తగా దబ్బుమంటుంది. వెనక జంట టైర్లలో లోపలిది తగ్గినా బయటికి కనిపించదు, చప్పుడే చెప్పాలి. తర్వాత టైరు గాడుల్లో వేలు పెట్టి లోతు చూసేవాడు. "నీళ్లు పోయే కాలవలురా ఇవి. కాలవ పూడిపోతే నీళ్లెక్కడికి పోతాయి?" అనేవాడు. నున్నగా అరిగిన టైరు పొడి రోడ్డు మీద పట్టుకున్నట్టే ఉంటుంది. తడిస్తే దాని కింద నీళ్లు పోవడానికి దారుండదు.

తర్వాత గాలి ట్యాంకులు. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి కదా, కంప్రెసరు గాలిని కుక్కి కుక్కి ట్యాంకుల్లోకి పంపుతుంది. ఆ గాలిలో ఉండే తేమ చల్లబడి ట్యాంకు అడుగున నీళ్లుగా చేరుతుంది. ఆ నీళ్లు పెరిగేకొద్దీ గాలికి చోటు తగ్గుతుంది, లైన్లలోకి పోతే వాల్వులు పాడవుతాయి. అందుకే ట్యాంకు కింద చిన్న తీగ ఉంటుంది. నేను బండి కిందికి దూరి ఆ తీగ లాగేవాణ్ణి. బుస్సుమని గాలితోపాటు పాలలాగా తెల్లగా, నూనె కలిసిన నీళ్లు మొహం మీదికి చిమ్మేవి. తెలుపు పోయి ఉత్త గాలి వచ్చేదాకా లాగి పట్టుకోవాలి. పైనుంచి ఆయన, "వచ్చిందా?" అని అడిగేవాడు. "వచ్చింది గురువుగారూ" అన్నాకే ఇంజను స్టార్టు చేసేవాడు. ఆ తెల్లనీళ్ల వాసన నా చొక్కాలకు వదిలేది కాదు.

ఆఖర్న పట్టా తాళ్లు. నూలు తాడు తడిస్తే బిగుసుకుంటుంది, నైలాన్ తాడు సాగుతుంది. నైలాన్ తాడుతో కట్టిన లోడైతే వాన మొదలైన కాసేపటికి మళ్లీ ఆగి, తాళ్లు గుంజి కట్టాల్సిందే. మలుపులో బండి ఒరిగినప్పుడు పైన లోడు ఒక జానెడు జరిగినా చాలు, బరువంతా ఒక పక్కకు పోతుంది. అది తడి రోడ్డు మీద అయితే తర్వాత చెప్పుకోవడానికేమీ ఉండదు.

ఇంత జాగ్రత్త మనిషి దగ్గర నేర్చుకుని కూడా, నేను ఒకసారి బండి తిప్పేశాను.

అప్పటికి నా చేతికి స్టీరింగు వచ్చి ఏడాది దాటింది. లోడు దించేసి ఖాళీ బండితో తిరిగొస్తున్నాం. ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. నెలల తరబడి వాన చుక్క లేని రోజులు. మధ్యాహ్నం మూడింటికి ఆకాశం ఒకవైపే నల్లగా ఉంది, అద్దం మీద అక్కడొకటి ఇక్కడొకటి చినుకులు పడ్డాయి. వైపరు వేయడానికి కూడా సరిపోని వాన. వైపరు వేస్తే అద్దమంతా బురద పూసినట్టయింది, ఆపేశాను. నా మనసులో ఉన్నదొక్కటే, బండి ఖాళీ, తేలిగ్గా ఉంది, ఎలా తిప్పితే అలా తిరుగుతుందని. లోడు బండికే జాగ్రత్త కావాలనుకునే వయసు.

కొంచెం పల్లంగా దిగే మలుపు. మలుపు తిరగ్గానే ముందు ఒక కారు ఎర్రదీపాలు వేసి ఆగి ఉంది. దూరం చాలానే ఉంది. పొడి రోడ్డయితే నిదానంగా ఆపుకోవచ్చు. కానీ కాలు నా మాట వినలేదు, బ్రేకు మీద దబాల్న పడింది.

బండి ఆగలేదు. చప్పుడు ఆగిపోయింది. అదే నాకు ఇప్పటికీ గుర్తు. టైర్లు తిరుగుతున్నప్పుడు కింద నుంచి వచ్చే రొద ఒక్కసారిగా తెగిపోయి, ఏదో గుడ్డ మీద లాగుతున్నట్టు సన్నటి సుయ్యిమనే శబ్దం. ఎడమ అద్దంలోకి చూస్తే నా బండి వెనక భాగమే అద్దం నిండా కనిపించింది. రోజూ అద్దంలో పక్కగా కనిపించే బాడీ పలకలు నాకెదురుగా వస్తున్నాయి. నా బండే నన్ను దాటి ముందుకు పోవాలని చూస్తోంది.

"కాలు తియ్" అన్నాడాయన. అరవలేదు. టైర్లు తడుతూ ఎలా మాట్లాడతాడో అలాగే అన్నాడు.

తీశాను. చక్రాలు మళ్లీ తిరగడం సీటులో తెలిసింది, వెన్నుపూస కింద చిన్న కుదుపు. తోక ఏవైపు పోతుందో ఆవైపే స్టీరింగు కొంచెం తిప్పమన్నాడు, తిప్పాను. బండి వంకరగా, ఊగుతూ, రోడ్డు అంచు దాకా పోయి తిన్నగా అయ్యింది. అప్పుడు మెల్లగా, గుడ్డు మీద అడుగేసినట్టు బ్రేకు వెయ్యమన్నాడు. కారు బంపరుకూ నా బంపరుకూ మధ్య ఒక మనిషి అడ్డంగా నిలబడేంత చోటు మిగిలింది. ఆ కారులోని మనిషికి వెనక ఏం జరిగిందో తెలియను కూడా తెలియదు. తన దారిన తను కదిలి వెళ్లిపోయాడు.

నా కాళ్లు వణుకుతున్నాయి. గురువుగారు బండి పక్కకు పెట్టించి, చక్రానికి రాయి అడ్డం పెట్టించి, నన్ను దిగమన్నాడు. రోడ్డు మీద గొంతుక్కూర్చుని చూపుడువేలితో తారు మీద ఒక గీత గీశాడు. వేలు పైకెత్తి చూపించాడు. నల్లటి, మెత్తటి జిగురు. బొటనవేలితో రుద్దితే సబ్బులాగా జారింది. "పట్టుకో" అన్నాడు. నేనూ వేలు పెట్టి రుద్దాను. ఇసుక రేణువు కూడా తగలనంత నున్నగా ఉంది. "ఇందాక నువ్వు దీని మీద బండి ఆపబోయావు" అన్నాడు, అంతే. తిట్టలేదు. గోరు సందులో చిక్కుకున్న ఆ నలుపు రెండు రోజులు పోలేదు. పోవాలని నేనూ గట్టిగా కడుక్కోలేదు.

ఆ సాయంత్రం మళ్లీ బండి కదిలాక ఒక మాట చెప్పాడు. తడి రోడ్డు మీద లోడు బండి కన్నా ఖాళీ బండికే ఎక్కువ భయపడాలట. అప్పుడు నమ్మలేకపోయాను. తర్వాత ఆలోచించుకుంటే తేలిగ్గానే అర్థమైంది. లారీ బ్రేకులు నిండు లోడును ఆపడానికి చేసినవి. లోడు ఉంటే ఆ బరువు టైరును రోడ్డుకు అదిమి పెడుతుంది, బ్రేకు బలం మొత్తం రోడ్డు దాకా చేరుతుంది. ఖాళీ బండిలో వెనక ఇరుసు మీద బరువే ఉండదు. అదే బ్రేకు, అదే కాలు, కానీ చక్రం రోడ్డును పట్టుకోకముందే బిగుసుకుపోతుంది. బిగుసుకున్న చక్రం ఎటు తోస్తే అటు జారుతుంది. ముందు ఇంజను బరువుంది కాబట్టి ముందు చక్రాలు ఆగాలని చూస్తాయి, వెనకవి జారుతూ ముందుకు రావాలని చూస్తాయి. తోక తిరగడమంటే అదే. ట్రైలరు బండ్లయితే ఇంకా ఘోరం, తల ఒకవైపు తోక ఒకవైపు మడతకత్తిలాగా ముడుచుకుంటాయి.

లెక్కలు చాలా కాలం తర్వాత తెలిశాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు పదహారు మీటర్లకు పైనే పోతుంది. కన్ను చూసి, కాలు కదిలేలోపే అంత దూరం అయిపోతుంది. గాలి బ్రేకుకు గాలి ట్యాంకు నుంచి చక్రం దాకా చేరడానికి ఇంకో అర సెకను దాకా పడుతుంది. బ్రేకు పట్టాక పొడి తారు మీద సుమారు 20 మీటర్లలో ఆగే వేగం, తడి తారు మీద 35 మీటర్లు దాటుతుంది. మంచుగడ్డ కట్టిన రోడ్డయితే 140. ఇవి కాగితం మీద లెక్కలు, పట్టును బట్టి వచ్చేవి. నిజం రోడ్డు మీద టైరు వయసూ, డ్రమ్ము వేడీ, లోడూ అన్నీ కలిసి దాన్ని ఇంకా పొడిగిస్తాయి. ఒకటి మాత్రం నాకెంతో ధైర్యాన్నిచ్చింది. వేగం సగానికి తగ్గిస్తే బ్రేకు పట్టాక ఆగే దూరం సగం కాదు, పావు వంతుకు వస్తుంది. గురువుగారికి ఈ లెక్క తెలియదు. ఆయన వానలో వేగం ఎప్పుడూ సగమే.

ఇంకో రాత్రి. లోతట్టు రోడ్డు, రెండు పక్కలా ఏమీ కనిపించని వాన. నీళ్లు రోడ్డు మీద పలచగా పారుతున్నాయి. అప్పుడు కూడా ఖాళీ బండే. ఉన్నట్టుండి స్టీరింగు తేలికైపోయింది. చేతిలో దారం తెగిన గాలిపటం లాగా అయింది. టైరు కింద నీళ్ల శబ్దం, ఆ జర్రుమనే శబ్దం, పోయింది. టైరు నీటిని తోసెయ్యలేక నీటి మీదికెక్కిందన్నమాట. ఆ క్షణంలో స్టీరింగు తిప్పితే ఏమీ జరగదు, చక్రం మళ్లీ నేలను తాకినప్పుడు మాత్రం తిప్పిన వైపుకు బండి విసిరికొడుతుంది. ఈసారి కాలు తనంతట తనే లేచింది. స్టీరింగును తిన్నగా పట్టుకుని ఊపిరి బిగబట్టాను. రెండు మూడు సెకన్లే. బరువు మళ్లీ చేతుల్లోకి వచ్చింది.

నీటి మీద టైరు తేలడం గురించి మొదట లోతుగా పరీక్షలు చేసింది విమానాల వాళ్లు. అమెరికా నాసాలో వాల్టర్ హార్న్ అనే ఇంజనీరు, తన తోటివాడితో కలిసి 1963లో దీని మీద ఒక నివేదిక రాశాడు. టైరులో గాలి ఒత్తిడి ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ వేగంలోగానీ టైరు తేలదని తేల్చాడు. ఆ లెక్కన లారీ టైరు ఒత్తిడికి అది గంటకు 160 కిలోమీటర్లు దాటాకే జరగాలి, అంటే లారీకి భయమే లేదనిపిస్తుంది. కానీ ఆయనే తర్వాత ఖాళీ లారీల టైర్లు చూశాడు. బరువు లేనప్పుడు లారీ టైరు రోడ్డును ఆనే చోటు ఆకారమే మారిపోతుంది, పొట్టిగా, వెడల్పుగా అవుతుంది. అందుకే ఖాళీ లారీ మామూలు రోడ్డు వేగాల్లోనే తేలగలదు. ఇది చదివిన రోజు నాకు ఆ రాత్రి చేతిలో తేలికైన స్టీరింగు గుర్తొచ్చి అరచేతులు చెమట పట్టాయి.

ఘాట్ రోడ్ల గురించి ఎంతైనా చెప్పొచ్చు. గురువుగారు చెప్పింది ఒక్కటే. ఎక్కేటప్పుడు ఏ గేరు అడిగిందో దిగేటప్పుడూ అదే గేరు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లను చూస్తే ఆయనకు బాధ కలిగేది. కోపం కాదు, బాధే. బ్రేకు పదేపదే వేస్తే డ్రమ్ము కాలి పట్టు పోతుంది, అందుకే కొండ దిగేటప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచాలి. మా బండికి ఎగ్జాస్ట్ బ్రేకు ఉండేది, పొగగొట్టాన్ని మూసి ఇంజనును బిగబట్టేది. లోడుతో దిగుతుంటే దాని మూలుగు వింటూ నిద్ర పట్టేది నాకు, క్లీనరు రోజుల్లో. అయితే అదీ వెనక చక్రాల మీదే పనిచేస్తుంది. తడిసిన మలుపులో ఖాళీ బండికి అది వేస్తే చెయ్యి బ్రేకు లాగినట్టే. అక్కడ దాన్ని ఆపేసి, ముందే వేగం చంపుకుని, చిన్న గేరులో దిగేవాళ్లం.

ఇంజనుతో బండిని ఆపడంలో ఇంకో పద్ధతి పుట్టిన కథ నాకు చాలా ఇష్టం. 1931లో డీజిలు ఇంజన్లు తయారుచేసే క్లెస్సీ కమ్మిన్స్ తన ఇంజను బలం చూపించడానికి లారీలో అమెరికాను ఈ తీరం నుంచి ఆ తీరానికి దాటుతున్నాడు. కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు కాలిపోయాయి. కింద రైలు గేటు, దాని మీద గూడ్సు బండి పోతోంది. వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ దిగుడు ఆయన్ని వదల్లేదు. పాతికేళ్ల తర్వాత, పని నుంచి తప్పుకున్నాక, కూర్చుని ఇంజనే బండిని పట్టి ఆపే బ్రేకు తయారుచేశాడు. 1961 నుంచి అది లారీలకు రావడం మొదలైంది. అంత పెద్ద మనిషికి కూడా ఒక్క దిగుడు అన్నేళ్లు నిద్రలేకుండా చేసిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఒక చలికాలం మంచు కొండల దారిలో కూడా తిప్పాను. ఎక్కువ చెప్పను, అక్కడ నేను కొత్తవాణ్ణే. అక్కడి డ్రైవర్లు నేర్పినవి రెండు. తడిగా కనిపిస్తున్న రోడ్డు మీద ముందు బండి చక్రాల నుంచి తుంపర లేవడం ఆగిపోయిందంటే, అది నీరు కాదు, గడ్డకట్టింది. రెండోది, వంతెన. రోడ్డు కింద నేల వెచ్చదనం ఉంటుంది, వంతెనకు పైనా కిందా గాలే. అందుకే ముందు గడ్డకట్టేది వంతెనే. పొగమంచులో పెద్దలైటు వేస్తే ఆ వెలుగంతా తిరిగి మన కళ్లలోకే కొడుతుందని గురువుగారి దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి అది కొత్త కాలేదు.

నా చివరి బండికి ఏబీఎస్ ఉండేది. ఇప్పటి రూపంలో కార్లకు 1978లో, లారీలకు 1981లో వచ్చిన పద్ధతి, మా చేతికొచ్చేసరికి చాలా కాలం పట్టింది. చక్రం బిగుసుకోబోతుంటే బ్రేకును తనే వదిలి మళ్లీ పట్టేస్తుంది, సెకనులో ఎన్నోసార్లు. మొదటిసారి తడి రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు బ్రేకు వాల్వులు టకటకమని తుమ్ముతూ గాలి వదులుతుంటే, బండి తిన్నగా, తోక తిరగకుండా ఆగింది. ఆనందంతో నా గొంతు పట్టేసింది. గురువుగారు కాలితో పొడిచి పొడిచి చేసిన పని ఇది. ఒకటే తేడా, ఇప్పుడు పొడవకూడదు, తొక్కి పట్టుకోవాలి. ఆ పాత అలవాటు మాన్పడానికి నా కాలికి నెలలు పట్టింది. ఏబీఎస్ రోడ్డుకు లేని పట్టును తెచ్చివ్వదు, అది కూడా కుర్రాళ్లకు చెప్పేవాణ్ణి. రోడ్డు మీద జిగురుంటే ఆ డబ్బా దాన్ని తుడవలేదు.

ఆ బండి వచ్చిన ఏడాదే గురువుగారు నాతో ఒకసారి వచ్చాడు. అప్పటికే ఆయన బండి నడపడం మానేసి చాలా కాలమైంది. చూపు మందగించింది. "కొత్త బండి చూస్తానురా" అంటే చెయ్యి పట్టుకుని మెట్టెక్కించాను. ఒకప్పుడు నేను కూర్చున్న వైపు కూర్చున్నాడు. సీటు మెత్తగా ఉందని, దుప్పటి అక్కర్లేదని సంబరపడ్డాడు. మీటర్లన్నీ అడిగి తెలుసుకున్నాడు. ఏబీఎస్ ఎలా పనిచేస్తుందో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "మంచిదిరా, మంచిది" అన్నాడు ఆఖరికి.

కొంతదూరం పోయాక ఆకాశం ఒకవైపే నల్లబడింది. కిటికీలోంచి ఆ వాసన వచ్చింది. ఆయన ఏదో చెబుతూ మధ్యలో ఆపేశాడు. అద్దం మీద ఒక్క చినుకు పడి, దుమ్ములో చిన్న గుంటలాగా నిలిచింది. నేను ఎక్సలేటరు మీంచి కాలు తీశాను. అలవాటుగా పక్కకు చూశాను. కింద రబ్బరు చాప మీద, చెప్పు నేలకే వదిలేసి, ఆయన కుడికాలు కూడా జానెడు పైకి లేచి ఉంది.